స్టీరింగ్ ర్యాక్‌కి సీల్ కిట్ వేసే ముందు

ఆయిల్ కారుతోందని పాత వ్యాన్ పవర్ స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ ఉండే గొట్టం) విప్పారా? సీల్ కిట్ (ఆయిల్ కారకుండా ఆపే రింగుల సెట్టు) కొనకముందే ర్యాక్ షాఫ్ట్ (ఆ పళ్ల కడ్డీ) మీద గోరుతో తడిమి చూడండి. రబ్బరు బూటు (దుమ్ము, నీళ్లు చేరకుండా కప్పే తొడుగు) చిరిగిన వైపు తుప్పు గుంటలు గోరుకి తగిలితే కొత్త సీలూ ఎన్నాళ్లో ఆగదు, షాఫ్ట్ మార్చాల్సిందే.

షాఫ్ట్ బాగుంటే అసలు గండం దాని పళ్ల దగ్గర. సీలును నేరుగా వాటి మీదుగా తోస్తే అంచు కోసుకుపోతుంది, పైకి కనపడదు కూడా. పళ్లకు పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టి, స్టీరింగ్ ఆయిల్ రాసి, దాని మీదుగా జార్చండి. మొదటిసారి నేను ఇది ఎగ్గొట్టి, బిగించిన ర్యాక్‌ని మళ్లీ కిందికి దించాను. షాఫ్ట్‌కుండే పిస్టన్ (ఆయిల్ ఒత్తిడికి కదిలే భాగం) మీది టెఫ్లాన్ రింగయితే వేడినీళ్లలో వేసి, మెత్తబడ్డాక ఎక్కించాలి.

బిగించాక ముందు చక్రాలు పైకి లేపి, ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా తిప్పండి, స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తూ. ఆ ఆయిల్లో గాలి బుడగలు ఆగాకే స్టార్ట్ చేయండి.