పాత ఫ్లాటు అమ్మి కొత్తది కొంటున్నారా? తేదీలు ఎక్కడ జారతాయో ముందే చూసుకోండి

ఉన్న ఫ్లాటు అమ్మితేగానీ కొత్తదానికి డబ్బు సర్దుబాటు కాని వాళ్లకు బేరం కుదిరాకే అసలు తిప్పలు మొదలవుతాయి. మీ ఫ్లాటు కొనేవాళ్లకు లోన్ ఇంకా రాదు, మీరు కొంటున్న ఇంటాయన మాత్రం గడువు గుర్తుచేస్తూనే ఉంటాడు. ఈ ఆలస్యాల్లో చాలావరకు ముందే కనిపెట్టొచ్చు. మిగతావాటి ఖర్చు ఎవరు భరించాలో కాగితం మీద పెట్టుకోవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో లోన్ ఇంకా నడుస్తున్న ఫ్లాటును అమ్మి మరొకటి కొనేవాళ్ల కోసం ఈ వివరాలు.

అమ్మకానికి పెట్టకముందే

ముందు పేర్లు చూసుకోండి. డాక్యుమెంట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. మనకిది మామూలే అనిపిస్తుంది గానీ, కొనేవాళ్ల బ్యాంకు లాయరు ఫైలును అక్కడే ఆపేస్తాడు. పాన్, ఆధార్ ఒకేలా ఉండేట్టు ఇప్పుడే సవరించుకోండి. పాత డాక్యుమెంట్‌లో పేరు మార్చడం తేలిక కాదు కాబట్టి, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టుకోండి.

తర్వాత ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తనఖాలు చూపే సర్టిఫికెట్) తీయండి. ఎప్పుడో తీర్చేసిన పాత లోన్ తాలూకు తనఖా అందులో ఇంకా కనిపిస్తుంటే, ఆ బ్యాంకుకు వెళ్లి తనఖా రిలీజ్ రిజిస్టర్ చేయించాలి. లోన్ కట్టేశాం కదా అని ఊరుకున్న వాళ్లకు ఇది బేరం మధ్యలో బయటపడుతుంది. లింక్ డాక్యుమెంట్లు (ముందు యజమానుల దస్తావేజులు), మంజూరైన ప్లాన్, ఓసీ (భవనంలో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్), ఆస్తి పన్ను రసీదు, అసోసియేషన్ నో డ్యూస్ లెటర్ ఒక ఫైల్లో పెట్టి, స్కాన్ కాపీలు ఫోన్‌లో ఉంచుకోండి. ఇంటి నంబరు మారి ఉంటే పాతదీ కొత్తదీ రెండూ చూపే కాగితం కావాలి. లేకపోతే పాత నంబరుతో తీసిన ఈసీలో ఒకటి, కొత్త నంబరుతో తీసినదాంట్లో మరొకటి వస్తాయి.

సహ యజమాని అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) పని మొదటి రోజే మొదలుపెట్టండి. అక్కడ భారత కాన్సులేట్‌లో సంతకం పెట్టి పంపిన జీపీఏ మన దేశానికి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేషన్ చేయించాలి. ఎన్ఆర్ఐ వాటా మీద టీడీఎస్ (కొనేవాళ్లు ధరలోంచి ముందే పట్టి ప్రభుత్వానికి కట్టే పన్ను) మామూలు 1 శాతంతో పోదు, మూలధన లాభాల పన్ను రేటు ప్రకారం కోత పడుతుంది. తక్కువ కోతకు సర్టిఫికెట్ కావాలంటే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు పెట్టాలి, అది వారాల పని.

ఎక్కువ ఆలస్యం రెండు బ్యాంకుల మధ్యే

మీ బ్యాంకును రెండు కాగితాలు అడగాలి. ఒకటి ఫోర్‌క్లోజర్ లెటర్: ఫలానా తేదీకి ఎంత కడితే లోన్ ముగుస్తుంది, ఆ తర్వాత రోజుకు ఎంత వడ్డీ పడుతుంది అన్నది. రెండోది తమ దగ్గరున్న ఒరిజినల్ పత్రాల జాబితా, అంటే ఎల్‌ఓడీ. ఈ రెండూ చూశాకే కొనేవాళ్ల బ్యాంకు కదులుతుంది. బేరం కుదిరాక అడిగితే వారాలు పోతాయి. ఎల్‌ఓడీ ముందే తెచ్చుకోండి, ఫోర్‌క్లోజర్ లెటర్‌కు గడువు ఉంటుంది కాబట్టి దాన్ని చివర్లో తాజాగా తీసుకోండి.

లెక్క ఇలా ఉంటుంది. ధర ₹80 లక్షలు, మీ లోన్ బాకీ ₹28 లక్షలు, బయానా ₹8 లక్షలు అనుకుందాం. ధర ₹50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టాలి, అంటే ₹80,000. పాత బ్యాంకుకు ₹28 లక్షల డీడీ నేరుగా వెళ్తే, రిజిస్ట్రేషన్ నాడు మీ చేతికి వచ్చేది ₹43.2 లక్షలు. కొత్త ఇంటి చెల్లింపులు ఈ అంకె మీదే వేసుకోండి. బాకీ మీద వడ్డీ 8.5 శాతం అయితే ఆలస్యమైన ప్రతి రోజూ సుమారు ₹650 అదనంగా పోతుంది.

వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు గృహ రుణానికి ముందస్తు ముగింపు చార్జీ వేయకూడదు. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ పత్రాలు ఇచ్చేయాలి, ఎక్కడైనా నమోదైన తనఖా ఉంటే అదీ తీసేయించాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు ₹5,000 పరిహారం ఇవ్వాలి. ఇది 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం, అదే ఏడాది డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. పత్రాల కోసం రాతపూర్వకంగా అడిగి, లెటర్ మీద అందినట్టు ముద్ర వేయించుకుంటే ఈ నిబంధన పనికొస్తుంది. నోటిమాటగా అడిగితే తారీఖుకు సాక్ష్యం ఉండదు.

కొనేవాళ్లు ఏ బ్యాంకైనా సరే అనే స్థితిలో ఉంటే, మీ లోన్ ఉన్న బ్యాంకులోనే తీసుకోమనండి. పత్రాలు బయటికి రావాల్సిన పని ఉండదు, అన్నిటికంటే ఎక్కువ రోజులు ఇక్కడే మిగులుతాయి.

అగ్రిమెంట్‌లో ఏం రాసుకోవాలి

"90 రోజుల్లో రిజిస్ట్రేషన్" అని ఒక్క ముక్క రాసి వదిలేసే అగ్రిమెంట్లే ఎక్కువ. గడువు దాటితే తప్పెవరిదో తేలదు, బయానా దగ్గర గొడవ మొదలవుతుంది. ఇలాంటి షరతు పెట్టించండి:

"అమ్మకందారు బ్యాంకు నుంచి ఒరిజినల్ పత్రాలు విడుదలైన 15 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ జరగాలి. బ్యాంకుల వల్ల గానీ, రిజిస్ట్రేషన్ శాఖ సర్వర్ వల్ల గానీ ఆలస్యమైతే గడువు మరో 30 రోజులు పొడిగినట్టే. కొనుగోలుదారు లోన్‌ను బ్యాంకు తిరస్కరిస్తే, ఆ లెటర్ చూపిన 15 రోజుల్లో బయానాలో ₹50,000 మినహాయించి మిగతాది తిరిగి ఇవ్వాలి."

అంకెలు మీ బేరాన్ని బట్టి మార్చుకోండి. మీరు కొంటున్న ఇంటి అగ్రిమెంట్‌లోనూ ఇదే షరతు ఉండాలి, లేకపోతే అటు మన్నించిన ఆలస్యానికి ఇటు మీరు నష్టపోతారు. బయానా నగదుగా ₹20,000, ఆపైన పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. బ్యాంకు ద్వారానే తీసుకోండి.

రెండు బేరాల లంకె

ముందు అమ్మకం అగ్రిమెంట్, తర్వాతే కొనుగోలు అగ్రిమెంట్. కొనుగోలు గడువు అమ్మకం గడువు దాటాక కనీసం 45 రోజుల తర్వాత ఉండాలి. మీకు వచ్చిన బయానా కంటే ఎక్కువ బయానా అటు ఇవ్వకండి. మంచి ఇల్లు చెయ్యి జారిపోతుందని ఈ వరస తప్పేవాళ్లే అధిక వడ్డీ అప్పుల్లో పడతారు. బ్రిడ్జ్ లోన్ (పాత ఇంటి డబ్బు చేతికొచ్చేదాకా తీసుకునే తాత్కాలిక అప్పు) ఉంది కదా అంటారు. అది మీ అమ్మకం ఖాయమై తేదీ ఒక్కటే తేలాల్సి ఉన్నప్పుడు పనికొస్తుంది, కొనేవాళ్లే దొరకనప్పుడు కాదు.

రిజిస్ట్రేషన్ అయ్యాక నెలా రెండు నెలలు పాత ఫ్లాటులోనే ఉండేలా ముందే మాట్లాడుకోవచ్చు. అద్దె ఎంత, ఏ తేదీకి ఖాళీ చేయాలి, అప్పటిదాకా కొనేవాళ్లు ఆపుకునే మొత్తం ఎంత అన్న మూడూ రాసుకుంటే చాలు.

కొనేది కట్టుబడిలో ఉన్న ఫ్లాటు అయితే బిల్డర్ చెప్పే తేదీని పక్కన పెట్టి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో అతను నమోదు చేసిన తేదీ చూడండి. ఆ తేదీ దాటాక కూడా ఇంకో ఏడాది అద్దె కట్టాల్సి వస్తుందనుకుని బడ్జెట్ వేయండి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ అడగకూడదు.

క్యాలెండర్ వేసేటప్పుడు పంచాంగం కూడా పక్కన పెట్టుకోండి. ఆషాఢం, మూఢం ముందు మీరు తొందరపడకపోయినా అవతలివాళ్లు తొందరపడతారు, లేదా నెల వాయిదా వేస్తారు. బయానా రోజే ఆ మాట తేల్చేసుకోవాలి.

రిజిస్ట్రేషన్ వారం

డ్రాఫ్టును కొనేవాళ్ల బ్యాంకు లాయరు ఓకే చేశాకే స్లాట్ బుక్ చేయండి. హద్దులు, విస్తీర్ణం, అన్‌డివైడెడ్ షేరు (స్థలంలో ఫ్లాటుకు వచ్చే వాటా) పాత డాక్యుమెంట్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. డీడీల మీద పేరు, లోన్ అకౌంటు నంబరు ముందురోజే ఫొటో తెప్పించుకుని సరిచూడండి. నెలాఖరు, మార్కెట్ విలువలు పెరుగుతాయన్న వార్త వచ్చిన వారం వద్దు. సంతకాలయ్యాక సర్వర్ ఆగిపోయినా కంగారు పడక్కర్లేదు, సంతకం చేసిన తేదీ నుంచి 4 నెలల్లోపు డాక్యుమెంట్ దాఖలు చేయొచ్చు.

ఇద్దరు కలిసి అమ్మి ఇద్దరు కలిసి కొంటే టీడీఎస్ చలాన్లు నాలుగు. ఒకటే కట్టి ఊరుకుంటే మీ పన్ను ఖాతాలో జమ కనపడదు.

రెండేళ్లు దాటి ఉంచుకున్న ఫ్లాటు మీద వచ్చిన లాభానికి పన్ను మినహాయింపు కావాలంటే, అమ్మిన తేదీ నుంచి 2 ఏళ్లలో ఇల్లు కొనాలి, లేదా 3 ఏళ్లలో కట్టుకోవాలి. అమ్మడానికి ఏడాది ముందు కొన్నదీ చెల్లుతుంది. ఆదాయపు పన్ను రిటర్న్ గడువు నాటికి ఖర్చు కాని లాభాన్ని సేవింగ్స్ ఖాతాలో వదిలేయకుండా బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్ తెరిచి అందులో వేయాలి.