దయారా బుగ్యాల్ ట్రెక్: ప్లాన్ ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిదిద్దుకోవాలి

ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లాలోని దయారా బుగ్యాల్‌కి (బుగ్యాల్ అంటే కొండమీది పచ్చిక మైదానం) వెళ్లొచ్చినవాళ్లు చెప్పే ఇబ్బందులు దాదాపు ఎప్పుడూ అవే. చాలావరకు టికెట్లు కొనకముందే కాగితం మీద పట్టుకోగలిగినవి. ప్లాన్‌లో ప్రతి రాత్రికి ఎదురుగా మూడు సంగతులు రాయండి: ఎక్కడ పడుకుంటాం, ఆ చోటు ఎన్ని మీటర్ల ఎత్తు, నీళ్లు ఎక్కడివి. ఖర్చులు, బస్సులు, కిలోమీటర్లు అన్నీ రాసుకుని ఈ ఒక్కటి వదిలేస్తారు. దయచేసి వదలకండి.

సమస్య: పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. చీకట్లో దిగాం, మోకాళ్లు పట్టేశాయి.

అందరూ తప్పు ఒంటిమీద వేసుకుంటారు, ఇంకో రెండు నెలలు పరిగెత్తి రావాల్సిందని. పరుగు మంచిదే గానీ, అసలు కారణం చాలాసార్లు ప్లాన్‌లోనే ఉంటుంది.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించింది, వెళ్లేవాళ్ల సంఖ్యను 200కు పరిమితం చేసింది. అంతకుముందు రాసిన ప్లాన్లలో గుడారం మైదానంలోనే ఉండేది. సాయంత్రం తీరిగ్గా చేరి, పొద్దున లేవగానే మంచుకొండలు చూసేవాళ్లు. ఆ ప్లాన్లే తేదీ ఊడిపోయి వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయి. క్యాంపు కిందికి మారినా గంటల లెక్క మాత్రం పాతదే ఉండిపోతోంది. రెండు రోజుల్లో పంచిన ఎక్కుడు, దిగుడు ఒకే రోజులో పడుతున్నాయి. కాగితం మీద రోజుల సంఖ్య మారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

లెక్క వేసి చూడండి. నడక మొదలయ్యే రైథల్ ఊరు సుమారు 2,150 మీటర్లు. అడవిలోని గుయీ క్యాంపు సుమారు 2,900. దయారా టాప్ సుమారు 3,600. గుయీ నుంచి పైకి 700 మీటర్ల ఎక్కుడు. మైదాన ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఈ ఎత్తులో గంటకు 300 మీటర్లు ఎక్కితే బాగా ఎక్కినట్టు. ఆగడాలు, పచ్చికలో అడ్డంగా నడిచే దూరం కలిపితే నాలుగు గంటలు పెట్టుకోవాలి. దిగడానికి రెండున్నర. ఏడింటికి టిఫిన్ తిని ఎనిమిదికి కదిలితే పైకి చేరేది పన్నెండుకి. మే, జూన్‌లలో ఆ వేళకే మబ్బులు లేస్తాయి. తర్వాత ఉరుములు వస్తే మైదానంలో మీకంటే ఎత్తైనది ఏదీ ఉండదు. పిడుగు భయం అక్కడ నిజమైనది.

సరిచేయడం ఇలా. ముందు ప్లాన్ ఏ సంవత్సరంలో రాసిందో అడగండి. రాత్రి బస బుగ్యాల్‌లో అని ఉంటే పక్కన పెట్టేయండి. అటవీ శాఖ అనుమతి పత్రంలో క్యాంపు ఎక్కడ రాశారో గైడ్‌తో చదివించుకుని, ఆ చోటు ఎత్తు నుంచి పై లెక్క మళ్లీ వేయండి. బయలుదేరే వేళ అయిదున్నర, తిరుగుముఖం పదకొండున్నర. ఆ సమయానికి ఎక్కడున్నా సరే, టాప్ ఇంకో అరగంటే అని ఎవరన్నా సరే, వెనక్కి తిరగాలి. ఈ రెండు వేళల్నీ జట్టులో అందరికీ ముందు రాత్రే చెప్పండి. కొండ మీద బేరం పెట్టుకోకూడదు. ఒకే రోజులో రైథల్ నుంచి ఎక్కి దిగుదాం అనేవాళ్లకి: అది 1,450 మీటర్ల ఎక్కుడు, అంతే దిగుడు. వద్దు.

సమస్య: క్యాంపు చేరిన సాయంత్రం తలనొప్పి, వికారం, అన్నం సహించదు.

గ్యాస్ అనో, ఘాట్ రోడ్డు తిప్పడమనో మనవాళ్లు సరిపెట్టుకుంటారు. ఎత్తుకి వచ్చిన కొన్ని గంటల్లో తలనొప్పి, దానితోపాటు వికారమో నీరసమో ఉంటే, వేరే కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు వల్లే అనుకోండి. మన రెండు రాష్ట్రాల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు, ఇక్కడ ఎంత కొండలెక్కినా ఒంటికి ఆ అలవాటు రాదు. ఆ రాత్రి ఇంకా పైకి వెళ్లకండి. మద్యం, నిద్రమాత్ర ముట్టకండి. తెల్లారేసరికి తగ్గకపోతే దిగండి. సరళరేఖ మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనించి నడవమంటే తూలిపోతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా రాత్రైనా దింపాల్సిందే.

ప్లాన్‌లో మందు ఇది: మొదటి రాత్రి ఉత్తరకాశీ, రెండోది రైథల్, మూడోది గుయీ. విమానం దిగిన రోజే రైథల్ చేరి మర్నాడు గుయీకి ఎక్కడం వల్లే ఎక్కువమంది పడతారు. 3,000 మీటర్లు దాటే ట్రెక్‌లైతే, ఆ పైన పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదు. ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందికి వాడే ఎసిటజోలమైడ్ మాత్ర డాక్టరు చెబితేనే. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

సమస్య: మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉన్నా రాత్రంతా వణుకు.

చలి కింద నుంచి వస్తోంది. బ్యాగ్‌లో మీ ఒంటి కింద నలిగిన దూది వేడిని ఆపదు. ఫోమ్ మ్యాట్ ఒకటి అదనంగా వేయండి, పొడి సాక్సులు నిద్రకే ఉంచుకోండి.

సమస్య: పైన నీళ్లు దొరకలేదు.

అక్టోబరులో ఊటలు సన్నబడతాయి. క్యాంపులోనే మనిషికి మూడు లీటర్లు నింపుకోండి. పశువులు మేసే చోటు కాబట్టి మరిగించే తాగాలి.

సమస్య: తిరుగు విమానం తప్పింది.

జూలై, ఆగస్టుల్లో గంగోత్రి రోడ్డు మీద కొండచరియలు పడటం మామూలు. చివర ఒక రోజు ఖాళీ ఉంచండి, వానాకాలమైతే రెండు.

సమస్య: విమానాశ్రయంలో స్టవ్ సిలిండర్ తీసేసుకున్నారు.

గ్యాస్ డబ్బాలు చేతి సంచిలోనూ, చెకిన్ సామానులోనూ కుదరవు. డెహ్రాడూన్‌లో దొరికేలా ముందే మాట్లాడుకోండి. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి. చలికి ఫోన్ చచ్చిపోతే రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుంటే చాలు.

ఎలుగుబంటి, పాము, ఆక్సిజన్ సిలిండర్ గురించి అడిగేవాళ్లు చాలామంది. గైడ్‌తో ఉండండి, రాత్రి తిండి గుడారంలో పెట్టుకోకండి. అంతకుమించి వాటి గురించి ఆలోచించే సమయాన్ని పైన చెప్పిన రాత్రి బస లెక్కకి ఇవ్వండి.