హోల్డ్‌లో ఉన్న ల్యాబ్ ఆర్డర్లను ఎలా రిలీజ్ చేయాలి?

మూడు నెలల తర్వాత చేయించమని డాక్టరు గారు ఈరోజే ఎంటర్ చేసిన పరీక్ష కంప్యూటర్లో "హోల్డ్" అని కూర్చుంటుంది. ఒక్కో సాఫ్ట్‌వేర్లో ఒక్కో పేరు: పెండింగ్ అంటారు, ఫ్యూచర్ ఆర్డర్ అంటారు. ఏ పేరైనా సంగతి ఒకటే. ఆర్డరు ఉంది, ల్యాబ్‌కి మాత్రం ఇంకా చేరలేదు. రోగి వచ్చినరోజు ఎవరో ఒకరు దాన్ని రిలీజ్ చేయాలి. ఆ "ఎవరో ఒకరు" తొందరపడితే ఎంత కంగాళీ అవుతుందో కొత్తగా చేరిన టెక్నీషియన్లకి, వార్డు సిస్టర్లకి చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి

మీ సొంత లాగిన్. పక్కవాళ్లది తెరిచి ఉంది కదా అని అందులో చేయకూడదు. స్టిక్కర్ ప్రింటర్లో సరిపడా రోలు, ట్యూబుల ట్రే, రాయడానికి ఒక పెన్ను. ప్రింటర్ రక్తం తీసే కుర్చీకి చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి. వరండా అవతలి గదిలో ప్రింటర్ పెట్టిన చోట ఒకరి స్టిక్కర్లు ఇంకొకరి ట్యూబుల మీదికి ఎక్కక మానవు.

1. లిస్టు తెరవండి

హోల్డ్ వర్క్‌లిస్టు తెరిచి, చేయాల్సిన తేదీ ప్రకారం పేర్చండి. పేరు ప్రకారం పేర్చకూడదు. కొందరికి అక్షరక్రమం అలవాటు, త్వరగా దొరుకుతుందంటారు. దొరుకుతుంది, కానీ ఎవరు?

శ్రీకాకుళం జిల్లాలో అరసవల్లి ఉంది కాబట్టి ఇంటికో సూర్యనారాయణ, వీధికో సూరమ్మ. శ్రీకూర్మం ఉంది కాబట్టి కూర్మారావులు. పక్కన సింహాచలం ఉంది కాబట్టి అప్పన్నలు, అప్పలనాయుడులు, అప్పలమ్మలు. ఒకే ఊళ్లో ఇంటిపేరుతో సహా కలిసిపోయేవాళ్లు ఉంటారు. పేరు చూసి క్లిక్ చేసే పద్ధతి ఏ పెద్ద నగరంలోనో నడుస్తుందేమో, ఇక్కడ నడవదు.

2. మనిషిని ఖాయం చేసుకోండి

"మీరు సూరమ్మ గారేనా?" అని అడగకండి. ఎవరినడిగినా "ఊఁ" అంటారు, ముఖ్యంగా చెవుడున్న పెద్దవాళ్లు. "మీ పేరేటమ్మా? ఏ ఊరు?" అని వాళ్ల నోటితోనే చెప్పించాలి. ఆ తర్వాత ఓపీ చీటీ మీది ఆసుపత్రి నంబరు స్క్రీన్ మీద ఉన్నదానితో కలవాలి. ఆభా కార్డుంటే (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు కార్డు) ఇంకా మంచిది, ఆ 14 అంకెలు ఇద్దరికి ఒకటి కావు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇంకో చిక్కొచ్చింది. రాజాం విజయనగరం జిల్లాకి, పాలకొండ, వీరఘట్టం పార్వతీపురం మన్యానికి వెళ్లాయి. ఆ ఊళ్లవాళ్లకి పాత రిజిస్ట్రేషన్లో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది. కౌంటర్లో ఎవరో వెతికే ఓపిక లేక కొత్త జిల్లా పేరుతో మళ్లీ రిజిస్టర్ చేస్తారు. ఒకే మనిషికి రెండు నంబర్లు. హోల్డ్ ఆర్డరు పాతదాంట్లో, రోగి చేతిలో కొత్త చీటీ. "మీకు పరీక్షలేమీ లేవమ్మా" అని పంపేసే ముందు పాత నంబరుతో ఒక్కసారి వెతకండి. రెండు రికార్డులు కనిపిస్తే రిజిస్ట్రేషన్ వాళ్లచేత కలిపించండి, మీరు కలపకండి.

3. హోల్డ్ ఎందుకుందో చదవండి

ఆర్డరు పక్కన కారణం ఉంటుంది. తేదీ రాలేదు, పరగడుపున తీయాలి, బిల్లు కట్టలేదు, ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) అనుమతి రాలేదు, డాక్టరు గారు ఇంకోసారి చూడాలన్నారు. బిల్లు, అనుమతి సంగతైతే రోగిని ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్యమిత్ర దగ్గరికి పంపండి, అది మన చేతిలోది కాదు. కారణం గడి ఖాళీగా ఉంటే ఆర్డరు పెట్టిన డాక్టరు గారికి ఫోన్ చేయండి. ఊహించకండి.

4. రిలీజ్ చేయడం

ఇక్కడ కొంచెం ఆగి చదవాలి. ఈ బటన్ నొక్కాక వెనక్కి రాలేం. చాలా సిస్టమ్‌లలో రిలీజ్ అయిన ఆర్డరు మళ్లీ హోల్డ్‌కి వెళ్లదు. రద్దు చేసి, డాక్టరు గారిచేత మళ్లీ ఎంటర్ చేయించాలి. మధ్యాహ్నం ఓపీ రద్దీలో ఆ మాట చెప్పి చూడండి, తెలుస్తుంది.

మొదటి నియమం: రోగి కుర్చీలో కూర్చునేదాకా రిలీజ్ చేయకూడదు. రాత్రి డ్యూటీలో ఖాళీగా ఉన్నామని రేపటివాళ్లందరివీ రిలీజ్ చేసి, స్టిక్కర్లు తీసి, ఖాళీ ట్యూబులకి అతికించి ట్రేలో వరసగా పెట్టేవాళ్లున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పొద్దున్న వాళ్లలో నలుగురు రారు, ఆ నాలుగు ట్యూబుల్లోకి ఎవరి రక్తం పోతుందో దేవుడికే తెలియాలి. పైగా కొన్ని సాఫ్ట్‌వేర్లు రిలీజ్ చేసిన సమయాన్నే రక్తం తీసిన సమయంగా రాసుకుంటాయి. కణాలను వేరుచేయని రక్తంలో గ్లూకోజు గంటకి సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. సమయం తప్పు పడితే షుగరు ఎందుకు తగ్గిందో డాక్టరు గారికి అంతుపట్టదు. రిలీజ్ నొక్కేది, సూది వేసేది, స్టిక్కర్ అంటించేది ఒకే మనిషి అయి ఉండాలి. పని పంచుకుంటే వేగం అంటారు, నేను ఒప్పుకోను.

రెండోది: "అన్నీ ఎంచుకో" అనే గడి. దాన్ని ముట్టుకోకండి. ఒక రోగి కింద ఈరోజువి మూడు, వచ్చే నెలవి రెండు, ఎప్పుడో మరిచిపోయినది ఒకటి ఉంటాయి. ఆ గడిలో టిక్ పెడితే ఆరూ వచ్చేస్తాయి. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ ఉదాహరణ తీసుకోండి. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, అందుకే ఆ పరీక్ష మూడు నెలలకొకసారి రాస్తారు. నెలకే తీసేస్తే డబ్బు దండగ, పైగా అసలు చేయాల్సిన నెలలో ఆర్డరే ఉండదు.

మూడోది: ఒకే పరీక్ష రెండు వేషాల్లో ఉండడం. కిడ్నీ ప్యానెల్లో క్రియాటినిన్ ఉంటుంది. వేరే డాక్టరు గారు విడిగా క్రియాటినిన్ కూడా హోల్డ్‌లో పెట్టి ఉంటారు. రెండూ రిలీజ్ చేస్తే రెండు ట్యూబులు, రెండు బిల్లులు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు రోగుల దగ్గర ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే వాళ్లు సోంపేటలో ఒకసారి, పలాసలో ఒకసారి, ఇక్కడొకసారి రక్తం ఇస్తూనే ఉంటారు. ఈ వారంలో ఎక్కడైనా ఇచ్చారేమో అడగండి. ఇచ్చి ఉంటే ఆ రిపోర్టు డాక్టరు గారికి చూపించి, వద్దన్నాకే ఇక్కడిది రద్దు చేయండి. రక్తహీనతతో ఊగుతున్న మనిషి నుంచి అనవసరంగా ఇంకో ట్యూబు లాగడం నాకు నచ్చదు.

నాలుగోది, అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది: షరతున్న పరీక్షలు. డయాలసిస్‌కి ముందొక యూరియా, తర్వాతొక యూరియా ఉంటాయి. ముందుదానిలోంచి తర్వాతది తీసేసి, ముందుదానితో భాగించి, వందతో హెచ్చిస్తే యూరియా ఎంత శాతం తగ్గిందో వస్తుంది. అది కనీసం 65 ఉండాలంటారు. ఈ రెండు ఆర్డర్లూ ఒకేసారి రిలీజ్ చేస్తే రెండు స్టిక్కర్లూ ఒకేసారి వస్తాయి, రెండింటిమీదా ఒకే పేరు, ఒకే పరీక్ష. తారుమారైతే డయాలసిస్ చేశాక యూరియా పెరిగిందని రిపోర్టు వస్తుంది. ముందుదాన్ని రిలీజ్ చేసి, తీసి, పంపేయండి. రెండోది మెషీన్ ఆగే దాకా హోల్డ్‌లోనే ఉండనివ్వండి. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష కూడా ఇలాంటిదే, ఉదయం మాత్ర వేసుకోకముందే తీయాలి. మాత్ర వేసుకుని వచ్చారంటే ఈరోజుకి రిలీజ్ లేదు.

పరగడుపు సంగతి వేరే చెప్పాలి. షుగరుకి కనీసం 8 గంటలు ఏమీ తీసుకోకూడదు, మంచినీళ్లు తప్ప. ఇచ్ఛాపురం నుంచో మందస నుంచో తెల్లారకముందు బయల్దేరినవాళ్లు బస్సు కాంప్లెక్స్‌లో దిగగానే టీ తాగుతారు. "తిన్నావా అమ్మా?" అంటే "లేదు బాబూ, ఏటీ తిన్లేదు" అంటారు. అబద్ధం కాదు, టీ తిండి కాదు కదా! "పొద్దున్నించి టీ గానీ, అంబలి గానీ, మరేటైనా నోట్లో వేసుకున్నావా?" అని విడివిడిగా అడగండి. చోడి (రాగి) అంబలి తాగినవాళ్లు చాలామంది దాన్ని తిండి లెక్కలో వేయరు. తాగారని తేలితే పరగడుపు ఆర్డరు హోల్డ్‌లో ఉంచి, మిగతావి మాత్రమే రిలీజ్ చేయండి. అంత దూరం నుంచి వచ్చారని జాలిపడి తీసేసి, "ఫాస్టింగ్" అని రిపోర్టిస్తే ఆ జాలికి మందు డోసు పెరుగుతుంది.

ఐదోది చిన్నదే గానీ ఎవరూ చూడరు. హోల్డ్ ఆర్డరు పాత ఓపీ విజిట్‌కి అంటుకుని ఉంటుంది. రిలీజ్ చేసేటప్పుడు "ఈరోజు విజిట్" ఎంచుకోకపోతే రిపోర్టు మూడు నెలల కిందటి డాక్టరు గారి ఇన్‌బాక్స్‌లో పడుతుంది. ఆయన బదిలీ అయ్యుంటే పొటాషియం 6.5 అని, ప్రాణం మీదికొచ్చే అంకె వచ్చినా చూసే దిక్కుండదు.

5. స్టిక్కర్, ట్యూబు, పంపడం

రక్తం తీశాక, రోగి ఇంకా ఎదురుగా ఉండగానే స్టిక్కర్ అంటించండి, బార్‌కోడ్ గీతలు మెట్లలా అడ్డంగా పడేలా నిలువుగా. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే మందు) ఉన్న పర్పుల్ ట్యూబు సీరం ట్యూబుకి ముందు తీయకూడదు, ఆ మందు కాస్త అంటుకున్నా పొటాషియం అబద్ధం చెబుతుంది. అంతే, ఈ మెట్టు అందరికీ వచ్చు.

6. మిగిలినవి ఏరడం

వారానికోసారి, శనివారం మధ్యాహ్నం, తేదీ దాటిన హోల్డ్‌లన్నీ చూడాలి. ఆదివారం చేద్దామనుకుంటే జరగదు. రథసప్తమి తర్వాతి వారంలో లిస్టు రెట్టింపు ఉంటుంది, కంగారు పడకండి, అరసవల్లి అయ్యాక వాళ్లే వస్తారు. గుజరాత్‌లోని వేరావల్‌కి చేపలవేటకి వెళ్లినవాళ్లు, హైదరాబాద్ కూలిపనికి వెళ్లినవాళ్లు నెలల తరబడి రారు. వాళ్లవి మూకుమ్మడిగా తీసేయకండి. డాక్టరు గారిని అడిగి, రద్దు చేయమంటే కారణం గడిలో "రోగి రాలేదు, ఫోన్ చేశాం" అని తేదీతో రాయండి. "ఇతరములు" అనే కారణం ఎంచుకోకండి. ఆర్నెల్ల తర్వాత ఆ రోగి సంక్రాంతికి వచ్చి "నా పరీక్ష ఏదీ?" అంటే, "ఇతరములు" చూసి ఏం చెబుతారు?