అమెరికన్ ఫుట్‌బాల్‌లో అఫెన్సివ్ లైన్ ఎలా నిలబడాలి?

మా అబ్బాయి ఇక్కడ డాలస్ దగ్గర స్కూల్ జట్టులో రైట్ గార్డ్‌గా చేరిన మొదటి ఏడాది, వాళ్లు కొట్టిన ఒక టచ్‌డౌన్ (బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటించడం) చెల్లకుండా పోయింది. పక్కనున్న ట్యాకిల్ అరడుగు వెనక్కి నిలబడ్డాడట. బంతి పట్టింది ఒకరు, పరిగెత్తింది ఒకరు, తప్పు మాత్రం బంతిని తాకనైనా తాకని పిల్లవాడిది. ఆ రోజు నుంచి నేను బంతిని వదిలేసి అఫెన్సివ్ లైన్‌నే, అంటే బంతి ఉన్న జట్టు ముందు వరసలో నిలబడే ఐదుగురినే చూడడం మొదలుపెట్టాను. లైన్‌లో కొత్తగా చేరిన పిల్లలకు, స్టాండ్స్‌లో కూర్చునే తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఎవరు ఎక్కడో చూద్దాం. మధ్యలో బంతి పట్టుకుని వంగి ఉండేవాడు సెంటర్. అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, వాళ్లకు అవతల ట్యాకిల్‌లు. వీళ్ల జెర్సీ నంబర్లు 50 నుంచి 79 మధ్య ఉంటాయి. మామూలుగా వీళ్లు ముందుకెళ్లి పాస్, అంటే విసిరిన బంతి, అందుకోవడానికి వీల్లేదు. ప్రత్యర్థిని అడ్డుకోవడమే వీళ్ల పని.

మొదట సెంటర్ కుదురుకోవాలి

లైన్ అంతటికీ కొలబద్ద సెంటర్ నడుము. రూల్ చెప్పేది ఇదీ: సెంటర్ నడుము మీదుగా అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. మిగతా నలుగురి తలలు ఆ గీతను దాటి ముందుకు రావాలి. అలాగని బంతి దాకా రాకూడదు. బంతి ముందు కొసకీ వెనక కొసకీ మధ్య ఉన్న సుమారు 11 అంగుళాల జాగాలోకి సెంటర్ ఒక్కడికే అనుమతి.

కాబట్టి సెంటర్ ఎలా వంగాడన్నదాన్ని బట్టే మిగతావాళ్లకు ఎంత చోటు దొరుకుతుందో తేలుతుంది. చేయి బాగా చాచి బంతిని పట్టుకుంటే అతని నడుము వెనక్కి ఉంటుంది, మిగతావాళ్లూ వెనక్కి నిలబడవచ్చు. బంతి మీదికి ఒరిగిపోతే నడుము ముందుకు వస్తుంది, అప్పుడు నలుగురూ ముందుకు జరగాల్సిందే. సెంటర్ ప్రతిసారీ ఒకేలా వంగడం అలవాటు చేసుకోవాలి. అతను రోజుకోలా వంగితే పక్కవాళ్లు ఎంత సాధన చేసినా లాభం లేదు.

తర్వాత గార్డ్, ఆపైన ట్యాకిల్

గార్డ్ కాలివేళ్లు దాదాపు సెంటర్ మడమల వరసలో ఉండాలి. అక్కడి నుంచి ముందుకు వంగితే హెల్మెట్ సరిగ్గా ఆ నడుము గీత దాటుతుంది. ట్యాకిల్ తన లోపలి పక్కనున్న గార్డ్ హెల్మెట్ చూసి సర్దుకోవాలి. అన్నీ కుదిరితే పై నుంచి చూసినప్పుడు లైన్ తిన్నటి గీతలా కాకుండా, కొద్దిగా వంచిన విల్లులా కనిపిస్తుంది. సెంటర్ ముందు, మిగతావాళ్లు కాస్త వెనక. ఈ వంపు తప్పు కాదు. అది మరీ ఎక్కువైతేనే తప్పు.

ట్యాకిల్ వెనక్కి జరగాలనుకోవడానికి బలమైన కారణమే ఉంది. అంచు నుంచి దూసుకొచ్చే డిఫెండర్ లైన్ మీద అందరికంటే వేగంగా ఉంటాడు. అరడుగు వెనక ఉంటే ట్యాకిల్‌కు ఆ మేరకు సమయం కలిసొస్తుంది. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్‌కు (వెనక నిలబడి బంతి విసిరేవాడికి) ఎడమ పక్క సరిగా కనిపించదు కనుక లెఫ్ట్ ట్యాకిల్‌కు ఆ ఆశ ఇంకా ఎక్కువ. పెద్ద ఆటగాళ్లూ ఇందులో చిక్కుకుంటారు. 2024 సెప్టెంబర్ 5న ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) సీజన్ తొలి మ్యాచ్ కాన్సస్ సిటీలో జరిగింది. అందులో బాల్టిమోర్ రేవన్స్ లెఫ్ట్ ట్యాకిల్ రోనీ స్టాన్లీ మీద ఈ తప్పుకే ఒకటికి మించి ఫ్లాగులు (తప్పు జరిగిందని రిఫరీలు విసిరే పసుపు గుడ్డలు) పడ్డాయి. ఒక్కో ఫ్లాగుకు 5 గజాలు వెనక్కి.

పిల్లల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇంకొకటి ఉంది. చేయి నేలకు ఆనించి నిలబడేటప్పుడు సరైన చోటే ఉంటారు. పాస్ ఆట అనగానే, కాళ్లు అక్కడే ఉంచి చేయి తీసి నిటారుగా నిలబడతారు. దాంతో తల వెనక్కి పోయి గీత తప్పుతుంది. నిలబడి ఆడేటప్పుడు పాదాలు కాస్త ముందుకు తెచ్చుకోవాలి. ఇంత చిన్న విషయం ఎవరూ విడమర్చి చెప్పరు, పిల్లలు ఫ్లాగ్ పడ్డాకే నేర్చుకుంటారు.

భుజాలు ఎదుటి గోల్ వైపే ఉండాలి. ట్యాకిల్ ముందే పక్కకు తిరిగి నిలబడడం కుదరదు.

మనిషికీ మనిషికీ మధ్య ఎడం

ఒకరి బయటి పాదం నుంచి పక్కవాడి లోపలి పాదం దాకా సుమారు 2 అడుగులతో మొదలుపెట్టండి. గోల్ లైన్ దగ్గర దీన్ని బాగా తగ్గిస్తారు, సందులోంచి ఎవరూ దూరకుండా. పెంచితే డిఫెండర్లు కూడా విడిపోక తప్పదు. టెక్సస్ టెక్‌లో కోచ్‌గా ఉన్నప్పుడు మైక్ లీచ్ 3 అడుగులు, ఒక్కోసారి అంతకు మించి ఎడం పెట్టించేవాడు. ఎంత ఎడం పెట్టాలన్నది కోచ్ నిర్ణయం. పిల్లలు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: పరుగు ఆటకు ఒకలా, పాస్‌కు ఒకలా మారిస్తే ఎదుటివాడు కనిపెట్టేస్తాడు.

కాళ్లు, చేయి, బరువు

పాదాలు భుజాల వెడల్పున ఉండాలి. కుడి పక్కవాళ్లు కుడికాలు, ఎడమ పక్కవాళ్లు ఎడమకాలు కొంచెం వెనక్కి పెట్టాలి. వెనక కాలి బొటనవేలు ముందు పాదం మధ్యకు వస్తే చాలు. చేతి మీద బరువు మొత్తం వేయకూడదు. పరుగు ఆట అనగానే వేళ్లు తెల్లబడేంత గట్టిగా నేలను నొక్కే పిల్లలుంటారు. ఎదుటివాడు ఆ వేళ్లనే చూస్తాడు.

చేయి నేలకు ఆనించాక స్నాప్ దాకా, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించే దాకా దాన్ని ఎత్తకూడదు. ఎత్తితే ఫాల్స్ స్టార్ట్ (ముందే కదిలిన తప్పు), మళ్లీ 5 గజాలు. జట్టు స్థానాలు మార్చుకున్నాక పదకొండు మందీ ఒక సెకను కదలకుండా ఉండి తీరాలి. ఆ సెకనులోనే పిల్లలకు టెన్షన్ ఎక్కువ. ఊపిరి నెమ్మదిగా వదలమని చెప్పండి.

ఇక లెక్క. ఎన్ఎఫ్ఎల్‌లో కనీసం ఏడుగురు లైన్ మీద ఉండాలి. ఇక్కడ టెక్సస్ హైస్కూళ్లు కాలేజీ నిబంధనల ప్రకారం ఆడతాయి కాబట్టి, వెనక నలుగురికి మించి ఉండకూడదని గుర్తుపెట్టుకుంటే చాలు. ట్యాకిల్ గీత తప్పితే అతన్ని వెనకున్నవాళ్లలో కలిపి లెక్కిస్తారు, అప్పటికే నలుగురుంటే వెనక ఐదుగురైపోతారు. మావాళ్ల టచ్‌డౌన్ పోయింది సరిగ్గా ఇలాగే.

ఇంట్లో, పార్కులో సాధన

పొడవాటి తాడు ఒకటి చాలు. సెంటర్ వంగాక, అతని నడుము కిందుగా నేల మీద తాడును అటూ ఇటూ తిన్నగా పరవండి. మిగతావాళ్లు వచ్చి నిలబడ్డాక ఒక్కొక్కరి హెల్మెట్ తాడు దాటిందో లేదో చూడండి. ఒకసారి చేయి ఆనించి, ఒకసారి నిటారుగా, రెండు రకాలుగానూ చూడాలి. తర్వాత తాడు తీసేసి మళ్లీ నిలబడమనండి.

మ్యాచ్ వీడియో తీసేటప్పుడు చాలామంది తల్లిదండ్రులు ఎత్తులో కూర్చుని బంతి వెంట ఫోన్ తిప్పుతారు. కొన్ని ఆటలైనా సైడ్‌లైన్ వైపు, బంతికి సరిగ్గా ఎదురుగా ఉండి తీయండి. స్నాప్‌కు ముందు ఆపి చూస్తే సెంటర్ నడుము, ట్యాకిల్ తల రెండూ ఒకే ఫ్రేములో కనిపిస్తాయి. మా అబ్బాయి, ఆ ట్యాకిల్ ఇద్దరూ ఇప్పుడు ఆదివారం మా ఇంట్లో కూర్చుని అలాగే ఆపి ఆపి చూసుకుంటారు.