సిమ్లాకి బదిలీ అయిందా? ముందు ఎండ ఎక్కడ పడుతుందో చూడండి

మాది పల్నాడులో రెంటచింతల. మే నెల వచ్చిందంటే ఎండ పుణ్యమా అని మా ఊరి పేరు పేపర్లో పడుతుంది. అలాంటి ఊళ్లో పుట్టి, గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న నాకు ప్రమోషన్ ఇచ్చి సిమ్లా వేశారు. మా వారు, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పుల అత్తయ్య, నాలుగు సూట్‌కేసులు, ఆవకాయ ప్యాకెట్లతో కొండెక్కాం. ఇది మా మూడో చలికాలం. మొన్న తెలిసిన అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, నాకూ సిమ్లానే వేశారు. ఎన్ని స్వెటర్లు కొనుక్కోమంటావు?" అంది. స్వెటర్ల సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఇల్లు జాగ్రత్తగా చూసుకో అన్నాను. ఆ అమ్మాయికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర ఇల్లు వెతికేటప్పుడు పడమటి ఎండ కొట్టకుండా ఉందా అని చూస్తాం. ఇక్కడ ఎండ పడుతుందా అన్నదొక్కటే చూడాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు కాబట్టి, దక్షిణానికి తిరిగిన కొండవాలు మీది ఇళ్లకి పొద్దస్తమానం ఎండ ఉంటుంది. కొండకి ఉత్తరం వైపున ఉన్న ఇళ్ల ముందు ఒకసారి పడిన మంచు వారాల తరబడి కరగదు. మా అత్తయ్య "దక్షిణ ముఖం ఇల్లా? ఎవరైనా తీసుకుంటారా!" అని ఒప్పుకోలేదు. తూర్పు గుమ్మం ఉన్న ఇంట్లో దిగాం. వాస్తు బ్రహ్మాండం. డిసెంబరులో ఎండ పదకొండింటికి వచ్చి పన్నెండున్నరకల్లా కొండ వెనక్కి పోయేది. రెండో ఏడు ఆవిడే "దక్షిణమైనా ఫర్లేదమ్మా, ముందు ఎండలో కూర్చోనీ" అంది.

ఇంకో తిరకాసు ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో రోడ్డు నుంచి పై అంతస్తులోకి అడుగుపెట్టి, మెట్లు దిగుతూ కింది అంతస్తులకి వెళ్తాం. అద్దె తక్కువని మేం రెండంతస్తులు కిందికి దిగాం. ఆ వాటాల వెనక గోడ కొండలోకి ఉంటుంది. మంచం ఆ గోడకి ఆనించి వేసుకున్నాం. జులైలో దుప్పటి అంచు పట్టుకుంటే తడి. మంచం జరిపి చూస్తే, గోడమీద నా మోచెయ్యి ఎత్తు వరకు నల్లటి మచ్చలు, సున్నం బుడగలు బుడగలుగా లేచి, వేలు పెడితే పిండిలా రాలింది. దీన్ని ఇక్కడ 'శీలన్' అంటారు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వెనక గోడకి అరచెయ్యి ఆనించి చూడండి. బీరువా వెనక కొత్త పెయింట్ కనిపిస్తే అనుమానించండి. వేసవిలో ఇల్లు వెతుకుతున్నారా? జూన్‌లో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఎండ కనిపిస్తుంది, మోసపోకండి. ఫోన్‌లో దిక్సూచి తీసి దక్షిణం వైపు అడ్డంగా కొండగానీ దేవదారు చెట్లుగానీ ఉన్నాయేమో చూడండి. "జనవరిలో మంచు ఎక్కడ ఆలస్యంగా కరుగుతుంది?" అని పక్కింటివాళ్లని అడగండి. వాళ్లు వేలు చూపించిన వైపు ఇల్లు తీసుకోకండి.

పైకి వెళ్లేకొద్దీ చలి పెరుగుతుందని అందరం అనుకుంటాం. పగలు అది నిజమే, కిలోమీటరు ఎత్తుకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. గాలి లేని చలికాలపు రాత్రుల్లో మాత్రం చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అందుకే దాదాపు 2,200 మీటర్ల ఎత్తున, కొండ శిఖరం మీద ఉన్న సిమ్లా కంటే, ఎంతో దిగువన లోయలో ఉన్న సుందర్‌నగర్ కొన్ని రాత్రులు ఎక్కువ చల్లగా ఉంటుంది. ఇల్లు లోయ అడుగున కాకుండా కొండవాలు మధ్యలో ఉంటే నయం.

ఆవకాయ సంగతి మర్చిపోయాను. గుంటూరులో గట్టిగా సీలు వేయించిన ప్యాకెట్లు పైకి వచ్చేసరికి బంతుల్లా ఉబ్బాయి. ఒకటి పగిలి నూనె అంతా నా పట్టుచీర మీద. పైన గాలి ఒత్తిడి తక్కువ కదా, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. పచ్చడి మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని, దారిలో సోలన్‌లో టీకి ఆగినప్పుడు ఒకసారి మూత వదులు చేసి మళ్లీ బిగించండి.

వంటింట్లో కూడా ఇదే కథ. ఇక్కడ నీళ్లు సుమారు 93 డిగ్రీలకే మరుగుతాయి. మరుగుతున్నట్టే కనిపిస్తాయి, పప్పు మాత్రం ఉడకదు. మొదటి వారం మా అత్తయ్య కందిపప్పు నోట్లో వేసుకుని "ఇవేం గులకరాళ్లే" అంది, కొట్టువాణ్ణి తిట్టింది. తప్పు పప్పుది కాదు. గిన్నెలో వండటం మానేసి కుక్కర్ వాడండి. కుక్కర్ లోపల కూడా వేడి మన ఊళ్లో కంటే నాలుగైదు డిగ్రీలు తక్కువే, అందుకని అక్కడ మూడు విజిల్స్ అయితే ఇక్కడ ఐదు. పప్పు అరగంట ముందే నానబెట్టండి, శనగలైతే రాత్రంతా.

దోసెల పిండి పులియడం నాకు పెద్ద టెన్షన్. మొదటి డిసెంబరులో రెండు రోజులు ఎదురుచూశాను, పిండి రుబ్బినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఇప్పుడు చేసే పద్ధతి ఇది: మినప్పప్పుతో పాటు చెంచా మెంతులు నానబోసి, గోరువెచ్చని నీళ్లతో రుబ్బుతాను. ఉప్పు అప్పుడే వెయ్యను. పిండి గిన్నెని పెద్ద హాట్‌ప్యాక్‌లో పెట్టి, చుట్టూ వేడినీళ్లు రెండంగుళాలు పోసి, మూతపెట్టి, రజాయిలో చుట్టి మంచం మీద ఓ మూల ఉంచుతాను. పొద్దున నీళ్లు మారుస్తాను. మర్నాడు రాత్రికి పొంగుతుంది. పెరుక్కి పాలు మన ఊళ్లో కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉన్నప్పుడే, రెండు చెంచాల తోడు వేసి చిన్న హాట్‌ప్యాక్‌లో పొయ్యండి. కొబ్బరినూనె ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డే, వెడల్పు మూతి సీసాలో పెట్టుకోండి. వడియాలు మేడమీద ఆరబెట్టే ఆలోచన ఉంటే మానుకోండి, కోతులున్నాయి.

ఇక బట్టలు. విజయవాడలో లావుపాటి జాకెట్టు కొనుక్కుని రావద్దు, నేను కొన్నది ఇప్పుడు మా గ్యాస్ కుర్రాడు వేసుకుంటున్నాడు. ఒంటికి అంటుకునే ఇన్నర్, దాని మీద ఉన్ని, దాని మీద గాలి దూరని పల్చటి జాకెట్టు చాలు. లోయర్ బజార్‌లో అన్నీ దొరుకుతాయి. కాటన్ బనీన్ మాత్రం లోపల వద్దు. ఇక్కడ ఎక్కడికెళ్లినా మెట్లే కాబట్టి చెమట పడుతుంది, ఆ తడి బనీన్ మీద గాలి తగిలితే ఎముకలు కొరుకుతుంది. మంచు రాత్రి గడ్డకట్టి పొద్దున అద్దంలా నున్నగా ఉన్నప్పుడు, బూట్ల మీద పాత ఉన్ని మేజోళ్లు తొడుక్కుని నడవమని పక్కింటావిడ చెప్పింది. నవ్వుతారని మొహమాటపడ్డాను. ఒకసారి జారి కూర్చున్నాక మొహమాటం పోయింది.

కాళ్ల విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. బ్యాంకు నుంచి మొద్దుబారిన కాళ్లతో వచ్చి, తిన్నగా హీటర్ ముందు చాపేదాన్ని. వారం తిరిగేసరికి కాలివేళ్లు ఎర్రగా ఉబ్బి, రాత్రంతా ఒకటే దురద, మంట. చిల్‌బ్లెయిన్స్ అన్నారు డాక్టరుగారు. చల్లబడిన వేళ్లకి ఒక్కసారిగా వేడి తగిలితే వచ్చే బాధ ఇది. ముందు పొడి మేజోళ్లు వేసుకుని, రజాయిలో మెల్లగా వేడెక్కనివ్వండి. మీకు షుగర్ ఉంటే వేళ్లకి స్పర్శ సరిగా తెలియకపోవచ్చు, వేడినీళ్ల సంచి కాళ్ల మీద పెట్టుకుని పడుకోకండి.

హీటర్ కొంటే పదహారు ఆంప్స్ ప్లగ్ ఉందో లేదో చూసుకోండి. ఎలక్ట్రిక్ దుప్పటి పడుకునే అరగంట ముందు వేసి, ఎక్కగానే ఆపెయ్యండి. బొగ్గుల కుంపటి మాత్రం తలుపులు మూసిన గదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్‌తోనూ అదే ప్రమాదం. ఎంత చలైనా కిటికీ కొంచెం తెరిచే ఉంచండి.

గడ్డకట్టే రాత్రుల్లో రెండు బకెట్లు, వంటకి ఒక బిందె నింపి పెట్టుకోండి. పొద్దున కుళాయి తిప్పితే నీళ్లు రాకపోవచ్చు. పైపుకి మంట పెట్టి కరిగించాలని చూడకండి, పగులుతుంది. ఎండ తగిలాక అదే కరుగుతుంది.

నన్నడిగితే చలికాలం కంటే వానాకాలమే కష్టం. జులై, ఆగస్టుల్లో మబ్బు కిటికీలోంచి ఇంట్లోకి వస్తుంది. మొదటిసారి మా బాబు సంబరపడి దాన్ని పట్టుకోబోయాడు. నాలుగు రోజులకి బెల్టు మీద బూజు, బడి బూట్లలో బూజు, ఉతికిన బట్టలకి వాసన. పట్టుచీరలు ఊళ్లోనే ఉంచి రండి. ఎండ పొడ కనిపించిన గంటలో పరుపులతో సహా అన్నీ బయటికి. కొండచరియల భయమూ అప్పుడే. 2023 ఆగస్టులో సిమ్లాలోనే ఉన్న సమ్మర్ హిల్‌లో శివాలయం మీద కొండ విరిగిపడి ఎంతోమంది పోయారు. ఇంటి పైన కొండని ఆపే గోడని ఇక్కడ డంగా అంటారు. దానికి నీళ్లు పోయే రంధ్రాలున్నాయా, పగుళ్లున్నాయా చూడండి. వాగుని ఆనుకున్న ఇల్లు ఎంత చౌకైనా వద్దు.

ఎండ తియ్యగా ఉంటుంది కానీ ముఖం మాడిపోతుంది, ఎత్తు మీద అతినీలలోహిత కిరణాలు ఎక్కువ. "మనం నల్లవాళ్లమేగా" అనుకోకుండా క్రీమ్ రాయండి.

పిల్లల బళ్లకి ఇక్కడ పెద్ద సెలవులు జనవరిలో. సంక్రాంతికి హాయిగా ఊరెళ్లొచ్చు. మేలో మాత్రం మీరు ఎక్కడికీ కదల్లేరు, ఎందుకంటే ఊరంతా మీ దగ్గరికే వస్తుంది. నిరుడు మా చిన్నాన్న కుటుంబం ఆరుగురు దిగారు, ఒక్కరి దగ్గర శాలువా లేదు. "మే నెలలో శాలువాలేంటే, నవ్వుతారు!" అన్న మా పిన్ని రాత్రి ఎనిమిదింటికల్లా మా అత్తయ్య స్వెటర్‌లో ఉంది. నాలుగు రజాయిలు, అరడజను శాలువాలు అదనంగా కొని ఉంచుకోండి. ఏప్రిల్లోపే కొనండి, టూరిస్టులొచ్చాక రేట్లు పెంచుతారు.