ఉప్పు నీళ్లలో ఎలా కరుగుతుంది, ద్రావణం సరిగ్గా ఎలా చేయాలి

తెలుగులో ఒక చిక్కుంది. ఐసూ కరుగుతుంది, ఉప్పూ కరుగుతుంది. మాట ఒకటే, జరిగేవి మాత్రం వేరు. ఐస్‌కి కాస్త వేడి తగిలితే చాలు. ఉప్పు ఒక్కదాన్నే అలా కరిగించాలంటే దాదాపు 801 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి, అదే నీళ్లలో వేస్తే గది ఉష్ణోగ్రత దగ్గరే కనబడకుండా పోతుంది. మనకు కావలసింది ఈ రెండోది. ఇందులో ఉప్పు ద్రావితం, నీళ్లు ద్రావణి, కలిసి తయారయ్యేది ద్రావణం.

నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఉంటాయి. ఉప్పు పలుకు అంచున ఉన్న ధనావేశమున్న సోడియం అయాన్ (ఆవేశం ఉన్న కణం) చుట్టూ నీటి అణువులు ఆక్సిజన్ వైపు తిప్పి, రుణావేశమున్న క్లోరైడ్ అయాన్ చుట్టూ హైడ్రోజన్ వైపు తిప్పి మూగుతాయి, ఒక్కో అయాన్‌నే ఊడబెరికి నీళ్లలోకి లాక్కుపోతాయి. నూనె అణువులకు ఇంత పట్టు లేదు, అందుకే ఉప్పు అందులో అలాగే ఉండిపోతుంది. ఈ లాగుడంతా పలుకు పైభాగంలోనే కాబట్టి పొడి చేస్తే త్వరగా కరుగుతుంది, గాజు కడ్డీతో కలిపితే ఇంకా త్వరగా.

అయితే త్వరగా కరగడం వేరు, ఎక్కువ కరగడం వేరు. చాలామంది తడబడేది ఇక్కడే. 100 గ్రాముల నీళ్లలో, గది ఉష్ణోగ్రత దగ్గర, ఉప్పు సుమారు 36 గ్రాములు పడుతుంది. 40 గ్రాములు వేసి చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పినా మిగతాది అడుగునే ఉంటుంది. అది సంతృప్త ద్రావణం. వేడి చేస్తే? 100 డిగ్రీల దగ్గర కూడా 39 దాకానే. పొటాషియం నైట్రేట్ అయితే 20 డిగ్రీల దగ్గర 32 గ్రాములు కరిగేది కాస్తా 100 దగ్గర 240 దాటుతుంది. వాయువులది ఉల్టా వ్యవహారం, నీళ్లు వేడెక్కేకొద్దీ బయటికి పోతాయి.

ఇక తయారీ. 250 మిల్లీలీటర్ల 1 మోలార్ ఉప్పు ద్రావణం, అంటే లీటరుకి ఒక మోల్ ఉప్పు లెక్కన ఉండేది, కావాలనుకోండి. ఉప్పు మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ఉప్పు బరువు, 58.44 గ్రాములు, మనకు కావలసింది పావు లీటరే కాబట్టి అందులో నాలుగో వంతు, 14.6 గ్రాములు తూచండి. నేను మొదటిసారి 250 మిల్లీలీటర్ల నీళ్లు కొలిచి అందులో ఉప్పు వేసేశాను, తప్పు. మోలారిటీ లెక్క ద్రావణం మొత్తం ఘనపరిమాణం మీద, పోసిన నీళ్ల మీద కాదు. బీకర్‌లో సుమారు 150 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ తీసుకుని ఉప్పు పూర్తిగా కరిగించి, మెడ మీద 250 గీత ఉన్న వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్‌లోకి (సన్నటి మెడ ఉన్న కొలత సీసా) పోయండి, బీకర్‌ని, కడ్డీని రెండుమూడుసార్లు కొంచెం కొంచెం నీళ్లతో కడిగి ఆ నీళ్లూ అందులోకే పోయాలి, లేకపోతే గోడలకు అంటుకున్న ఉప్పు లెక్కలోంచి జారిపోతుంది. గీత దగ్గరికి వచ్చాక డ్రాపర్‌తో చుక్క చుక్క. కన్ను గీతకు సమానంగా పెట్టి చూడండి, నీటి మట్టం వంపులో కింది అంచు గీతను తాకాలి. తర్వాత బిరడా బిగించి పదిసార్లు తలకిందులు చేయండి.

ఇలా తిప్పాక మట్టం గీత కంటే కాస్త కింద కనిపిస్తే టెన్షన్ పడి మళ్లీ నీళ్లు పోయకండి. కొంచెం ద్రావణం మెడకీ బిరడాకీ అంటుకుంది, అంతే.