ఇంగ్లండుకు ఒంటరిగా ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళేవారికి

పీజీసీఈ (డిగ్రీ తరువాత చేసే ఉపాధ్యాయ శిక్షణ) కోర్సులో సీటు వచ్చినవారు సామాను సర్దుకోవడానికి ముందే రెండు పత్రాలు సిద్ధం చేసుకోవాలి. మొదటిది మన పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. అక్కడ పిల్లలతో పనిచేసేవారికి జరిపే డీబీఎస్ అనే నేర చరిత్ర తనిఖీ సాధారణంగా మన దేశంలోని రికార్డులను చూపదు కనుక దీనిని విడిగా అడుగుతారు. రెండవది వీసాకు కావలసిన క్షయ పరీక్ష ధ్రువపత్రం. అది 6 నెలలే చెల్లుతుంది, కాబట్టి మరీ తొందరపడితే డబ్బు దండగ.

అర్హత పొందిన ఉపాధ్యాయుడనే హోదా (క్యూటీఎస్) ఇచ్చే శిక్షణలో కనీసం 120 రోజులు బడుల్లోనే గడుస్తాయి. ఆ బడి విశ్వవిద్యాలయానికి దూరంగా ఉండే అవకాశం ఉన్నందున, అదెక్కడో తెలిసేవరకు ఏడాది అద్దె ఒప్పందానికి సంతకం చేయకపోవడం మంచిది. తెలిసిన తరువాత ఒక పనిదినాన, ఉదయం బడి వేళకే బస్సులో వెళ్ళి చూసుకోవాలి; ఆదివారపు సమయాలు నమ్మి లాభం లేదు.

చేరిన వారంలోనే దగ్గరలోని జీపీ (సాధారణ వైద్యుడు) వద్ద పేరు నమోదు చేసుకోవాలి. ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్స్ (ఇళ్ళపై స్థానిక సంస్థ వేసే పన్ను) ఉండదు, కానీ మినహాయింపు అడిగి తీసుకోవాలి.

తరగతిలో అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ఒకటుంది. ఒక పిల్లవాడు ఇంట్లో తనకు జరుగుతున్న హాని గురించి చెప్పబోతే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు; గుచ్చి గుచ్చి ప్రశ్నించకుండా విని, అతని మాటల్లోనే రాసుకొని, ఆ రోజే బడిలోని బాలల భద్రతా బాధ్యుడికి తెలియజేయాలి.